నిచ్చెన అక్కర్లేని మెకానిక్

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్టాండుకు వెళ్ళాలి, ఒక పొడుగు మనిషిని దింపుకోవాలి, మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడకుండా ఇంట్లో కూర్చోబెట్టాలి, ఆ తర్వాత లీగ్ ఆఫీసుకు తీసుకెళ్ళి సంతకం పెట్టించాలి. అంతే. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందో ఎంత ఆలోచించినా ఆయనకు కనబడలేదు. చోటు కనబడని పథకాలే మనిషిని నిలువునా ముంచుతాయని ఆయనకు ఇంకా తెలియదు.

ఆయన ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ క్లబ్బుకు మేనేజరు. పోయిన సీజన్లో క్లబ్బు అట్టడుగున తేలింది. సీజన్ ముగియగానే ఆటగాళ్ళు ఒక్కొక్కరే వేరే చోట్లకు వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ స్థానంలో ఇంకొకరిని తెచ్చుకుంటూ, కాళ్ళావేళ్ళా పడుతూ, ఆయన పదకొండు మందిని పోగు చేశాడు. లీగ్ నియమం ప్రకారం పన్నెండు మంది ఉండాలి. ఆ రోజు ఆఫీసు మూసేలోగా పన్నెండో పేరు చేరకపోతే ఈ ఏడు క్లబ్బుకు ఆట లేదు. ఆట లేకపోతే ఆ పదకొండు మందికీ, కోచ్‌కీ, మేనేజరుకీ కూడా పని లేదు. ఇంకో నియమం కూడా ఉంది. వెనకటికి కొన్ని క్లబ్బులు అంకె నింపడానికి తమ డ్రైవర్లనీ, వంటవాళ్ళనీ రాసేసుకున్నాయి. అప్పటి నుంచి, వేరే వృత్తి చేసుకునే మనిషిని జట్టులో రాయకూడదని లీగ్ గట్టిగా చెప్పింది.

పన్నెండో మనిషిగా ఆయనకు దొరికినవాడు ఒక సెంటర్, అంటే రింగు కింద నిలబడి ఎదుటివాళ్ళకు గోడలా అడ్డుపడేవాడు. అతన్ని అందరూ పొడుగాయన అనే పిలిచేవారు. రెండు క్లబ్బులు అతన్ని తీసుకుని వదిలేశాయి. ఆటలో లోపం లేదు, జాతకంలోనే ఏదో ఉంది. కోచ్ చూసి సరేనన్నాడు, డాక్టరు పరీక్షించి సరేనన్నాడు. ఇక మిగిలింది లీగ్ కార్యదర్శి కళ్ళెదుట పెట్టాల్సిన ఒక్క సంతకం.

ఆ సంతకానికీ ఈయనకూ మధ్య గద్ద ఉన్నాడు. గద్ద అంటే పోటీ క్లబ్బు మేనేజరు. సీజన్లో మామూలు మనిషే. సీజన్ ముగిసిందంటే మాత్రం పైన తిరుగుతూ ఉంటాడు, ఎవరికి ఎవరు దొరికారో చూసి తన్నుకుపోతాడు. పోయినేడు ఒక ఆటగాణ్ణి హోటలు లాబీలోనే ఎత్తుకుపోయాడు. ఈయన రెండు కాఫీలు చెప్పి వచ్చేసరికి ఒక కాఫీకి మనిషి లేడు. అందుకని ఈసారి మేనేజరు హోటలు వద్దనుకున్నాడు.

"మరి మనింటికే తెస్తారా? పై అంతస్తు టీచరమ్మ ఆ గద్దకి సొంత అక్క కదండీ!" అంది భార్య, డ్యూటీకి బయల్దేరుతూ. ఆమె ఆస్పత్రిలో నర్సు.

"అందుకే తెస్తున్నా. దీపం కిందే చీకటి. అక్క నెత్తి కింద వెతకాలని ఎవడికి తోస్తుంది?"

"పోనీ మా అమ్మకైనా నిజం చెప్పి ఉంచండి."

"మీ అమ్మకి చెప్పడమూ మైకు పట్టుకుని చెప్పడమూ ఒకటే."

మాట నిజమే గనుక భార్య కోపం తెచ్చుకుని వెళ్ళిపోయింది.

పొడుగాయన బస్సు దిగాడు. దిగడమంటే ముందు ఒక కాలు దిగింది, కాసేపటికి రెండోది దిగింది, ఆ తర్వాత మనిషి వంగి బయటికొచ్చాడు. మనిషి ఎంత పెద్దవాడో మాట అంత చిన్నది. "నమస్తే సార్" అన్నది మేనేజరు చెవి దాకా చేరడానికి చాలా దూరం దిగి రావలసి వచ్చింది. ఆయన అతన్ని ఆటోలో మడిచి కూర్చోబెట్టి, బిల్డింగు వెనక గుమ్మం నుంచి లోపలికి తెచ్చాడు. మెట్ల మలుపులో, బజారు సంచితో ఎదురుగా టీచరమ్మ నిలబడి ఉంది.

"ఎవరండీ ఈ అబ్బాయి? అమ్మో, ఎంత పొడుగున్నాడు!"

మేనేజరు గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ బయల్దేరింది. ఆ మధ్యలో ఆయన నోరు తన పని తాను చేసుకుపోయింది. "ఫ్యాన్ల మెకానిక్ అండి. మా హాల్లో ఫ్యాను చప్పుడు చేస్తోందని తీసుకొచ్చా."

"నిచ్చెన తెచ్చుకోలేదే?"

"ఇతనికి నిచ్చెన అక్కర్లేదండి."

ఆ మాట తన నోటినుంచే వచ్చినందుకు ఆయనకు గర్వం కలిగింది. అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలు అన్నారు. ఇది మరీ అతికిపోయింది, దాన్ని ఊడబెరకడానికి సాయంత్రం దాకా పట్టింది.

ఇంట్లో అత్తగారికి కూడా అదే మాట చెప్పి, పొడుగాయనను సోఫాలో కూర్చోబెట్టాడు. అతని మోకాళ్ళు ఛాతీ దగ్గరకు వచ్చాయి. మేనేజరు గొంతు తగ్గించి అన్నాడు. "నేను ఆఫీసుకెళ్ళి కాగితాలూ క్లబ్బు ముద్రా తెస్తా. అప్పటిదాకా నువ్వు ఫ్యాన్ల మెకానిక్‌వి. ఎవరేం అడిగినా కాదనకు. ఎవరు ఎంత ఆశ చూపినా నువ్వెవరో మాత్రం చెప్పకు. అర్థమైందా?"

పొడుగాయన గంభీరంగా తలూపాడు. అతనికి అర్థమైంది, కానీ వేరే విధంగా. ఈ మధ్య క్లబ్బులు ఆటతోపాటు గుణం కూడా పరీక్షిస్తున్నాయి. ఒక క్లబ్బు అతన్ని మూడు పూటలు వరండాలో కూర్చోబెట్టి ఓపిక చూసింది. ఇంకోటి విందులో అందరికీ వడ్డించమని వినయం చూసింది. రెండుసార్లూ అతను ఇదేమిటని అడిగాడు, రెండుసార్లూ ఇంటికి పంపించేశారు. ఈసారి అడగకూడదని ఒట్టు పెట్టుకుని బస్సెక్కాడు. ఇది కూడా పోతే బంతి అటక మీద పెట్టి, మేనమామ సిమెంటు కొట్లో కూర్చోవాలి. సిమెంటు వాసన తలచుకుంటేనే అతనికి దుఃఖం వచ్చేది.

మేనేజరు వెళ్ళిన కాసేపటికి కరెంటు పోయింది. వీధిలో తీగల పని జరుగుతోంది, నాలుగింటి దాకా రాదన్నారు. అత్తగారు వంటింట్లోంచి వచ్చింది.

"ఏం బాబూ, అలా కూర్చున్నావు? భోజనం చేశావా?"

"చేశానమ్మా."

"మొహం చూస్తే చేసినట్టు లేదు. సరే, కరెంటు ఎలాగూ లేదు, నీకు భయం లేదు. ఆ ఫ్యాను సంగతి చూడు."

పరీక్ష మొదలైందనుకున్నాడు పొడుగాయన. పుట్టి బుద్ధెరిగాక అతను ఫ్యాను విప్పలేదు. అయినా "చూస్తానమ్మా" అని లేచి, నేల మీదే నిలబడి చెయ్యెత్తాడు. రెక్కలు ఊడదీశాడు, తుడిచాడు, లోపల తీగలు కనబడితే వాటినీ విప్పి తుడిచాడు, తోచినట్టు కలిపి మళ్ళీ బిగించాడు. ఒక మరమేకు మిగిలింది. అది ఎక్కడిదో ఎంత చూసినా తెలియలేదు. జేబులో వేసుకున్నాడు.

అత్తగారికి ప్రాణం లేచివచ్చింది. కుర్చీ అడగడు, బల్ల అడగడు, నేల మీద దుమ్ము పడితే తనే తుడుస్తాడు. ఇలాంటి మనిషిని ఒక్క ఇంటికే ఉంచుకోవడం పాపమనిపించి ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి కేకేసింది. "ఏమండోయ్, మా అల్లుడుగారు మెకానిక్‌ని తెచ్చారు, బంగారం లాంటి మనిషి!" కింది ఇంటి దర్జీ మొదట వచ్చాడు. తర్వాత ఎదురింటివాళ్ళు వచ్చారు. ఎవరేం అడిగినా పొడుగాయన కాదనలేదు. ఒక ఇంట్లో అటక మీది బిందెలు దింపాడు, ఒక ఇంట్లో సన్‌షేడు మీద ఇరుక్కున్న పిల్లిని దింపాడు, అన్ని ఇళ్ళలోనూ ఫ్యాన్లు విప్పి బిగించాడు. ఇల్లు మారినకొద్దీ జేబు బరువెక్కింది. చివరికి టీచరమ్మ పై అంతస్తుకు పిలిచింది.

సరిగ్గా అప్పుడే గద్ద అక్కింటికి భోజనానికి వచ్చాడు.

గుమ్మంలోకి రాగానే, నేల మీద నిలబడి ఫ్యాను గిన్నె తుడుస్తున్న మనిషిని చూసి అతని కళ్ళు మెరిశాయి. ఈ సెంటర్ కోసమే అతను ఊళ్ళోని హోటళ్ళన్నీ గాలించి వచ్చాడు. "నువ్వా! ఇక్కడేం చేస్తున్నావయ్యా?"

"ఫ్యాన్ల మెకానిక్‌నండి" అన్నాడు పొడుగాయన.

"నా దగ్గరా నాటకాలు? ఆయన ఇస్తానన్న జీతానికి రెట్టింపు ఇస్తా. ఇప్పుడే రా."

ఇది రెండో పరీక్ష అనుకున్నాడు పొడుగాయన. మొదటిది వినయం, ఇది విశ్వాసం. ఎంత పకడ్బందీగా పెట్టారో అని మనసులో మెచ్చుకున్నాడు కూడా. "ఫ్యాన్ల మెకానిక్‌నండి."

"ఉండటానికి ఇల్లిస్తా. కెప్టెన్‌ని చేస్తా!"

"ఫ్యాన్ల మెకానిక్‌నండి."

"ఒరేయ్, పనిచేసుకునే మనిషిని పని చేసుకోనీరా" అని టీచరమ్మ తమ్ముణ్ణి కసిరింది. "పొద్దున్నుంచి బిల్డింగంతా చేసొచ్చాడు. ఇంత మంచి మెకానిక్‌ని నేను చూళ్ళేదు."

గద్ద మొహం మొదట మాడింది, తర్వాత మెల్లగా వెలిగింది. తనకు దక్కని మనిషి ఇంకెవరికీ దక్కకుండా చేయడమూ ఒక పద్ధతే. భోజనం కూడా చేయకుండా లీగ్ ఆఫీసుకు పరుగెత్తాడు.

ఇటు క్లబ్బు ఆఫీసులో మేనేజరు కాగితాలు పట్టుకుని ఇంటికి ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, ఆ అబ్బాయి జాగ్రత్తగా ఉన్నాడా?"

"ఎంత మంచివాడు బాబూ! మనిల్లు అయిపోయింది, కిందిల్లు అయిపోయింది, ఇప్పుడు టీచరమ్మగారింట్లో ఉన్నాడు."

మేనేజరు అటుపైన ఏం విన్నాడో ఆయనకే తెలియదు. ఇంటికెలా చేరాడో, మెట్లు ఎలా ఎక్కాడో అసలు తెలియదు. పై అంతస్తు నుంచి వస్తున్న పొడుగాయన ఎదురై, చెవి దగ్గర వంగి, సిగ్గుపడుతూ అన్నాడు. "సార్, రెండో పరీక్ష కూడా పాసయ్యాను."

"ఏం పరీక్ష?"

పొడుగాయన అంతా చెప్పాడు. వినయం సంగతి, విశ్వాసం సంగతి, ఇల్లూ కెప్టెన్‌గిరీ వదులుకున్న సంగతి. వింటూ వింటూ మేనేజరు మెట్ల మీద కూలబడ్డాడు. సంతోషపడాలో ఏడవాలో తోచలేదు. కాసేపటికి సిగ్గు అనిపించింది, అది మిగతా రెంటినీ మింగేసింది.

"నాయనా, పరీక్ష ఏదీ లేదు. భయపడి నేనొక అబద్ధమాడా. ఆయన నిజంగానే రెట్టింపు ఇస్తానన్నాడు. ఆయన క్లబ్బు మాదానికన్నా పెద్దది. నువ్వు వెళ్తానంటే నేను ఆపను."

పొడుగాయన తలెత్తి పై అంతస్తు వైపు చూశాడు. "నిజంగానే కెప్టెన్‌ని చేసేవాడా సార్?"

"చేసేవాడే."

"అయ్యో" అన్నాడు. తర్వాత పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. "సార్, రెండు క్లబ్బుల్లో ఉన్నాను. వచ్చిన ప్రతివాడూ నా ఎత్తు అడిగాడు. తిన్నావా అని మాత్రం ఎవరూ అడగలేదు. మీ అత్తయ్యగారు నేను ఇంటికొచ్చినప్పట్నుంచీ అదొక్కటే అడుగుతున్నారు. నేను ఎక్కడికీ వెళ్ళను."

పాతికేళ్ళుగా ఆటగాళ్ళను తెస్తూ, పోగొట్టుకుంటూ ఉన్న మేనేజరుకు, ఉంటానన్నవాడు ఒకడు ఎదురుకావడం కొత్త. అతని చెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఆ బరువు తనవల్ల కాలేదు, పొడుగాయనే లేచి నిలబడ్డాడు. ఇద్దరూ గబగబా కిందికి దిగారు. కానీ ఇల్లలకగానే పండుగ కాదు. గేటు దగ్గర కారు ఆగింది. అందులోంచి లీగ్ కార్యదర్శి దిగాడు, వెనకాలే గద్ద దిగాడు.

కార్యదర్శి సన్నగా, పొడిగా ఉండే మనిషి. చంకలో సంతకాల పుస్తకం ఉంది. "ఫిర్యాదు వచ్చింది. మీరు రాయబోయే పన్నెండో మనిషి ఫ్యాన్ల మెకానిక్‌ట. నియమం మీకు తెలుసు కదా? అవునో కాదో చూసి, మళ్ళీ ఆఫీసు మూసేలోపు నేను వెళ్ళాలి."

కారు చప్పుడుకు బిల్డింగంతా కిందికి దిగింది. గద్ద చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు. తను ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదని అతనికి తెలుసు.

"ఈయన మెకానికేనా?" అడిగాడు కార్యదర్శి.

"అదేం ప్రశ్న సార్? మెకానిక్ అంటే ఇతనే" అన్నాడు దర్జీ.

"చెయ్యెత్తితే చాలు, ఫ్యాను చేతిలోకి వస్తుంది" అంది టీచరమ్మ.

మేనేజరు అత్తగారి వైపు చూసి కళ్ళతో వద్దు వద్దని బతిమాలాడు. ఇంకా చెప్పమంటున్నాడనుకుంది ఆవిడ. "మా అల్లుడుగారే వెతికి తెచ్చారండీ. ఇలాంటి మెకానిక్ ఈ చుట్టుపక్కల లేడు. నిచ్చెన కూడా అక్కర్లేదు!"

గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. మేనేజరు ముందుకొచ్చాడు. "సార్, తప్పు నాది. ఇతను మెకానిక్ కాడు, ఆటగాడు. మెకానిక్ అని అబద్ధం చెప్పింది నేనే."

"అప్పుడు చెప్పింది అబద్ధమైతే, ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి?" అని కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. మేనేజరుకు పదకొండు మంది మొహాలూ వరసగా కళ్ళ ముందు కదిలాయి. వాళ్ళలో ఇద్దరికి ఈ మధ్యే పిల్లలు పుట్టారు. పొడుగాయన తల దించుకుని నిలబడ్డాడు. తల దించినా అందరికన్నా ఎత్తుగానే ఉంది, ఆ దుఃఖం దాచుకోవడానికి పాపం వీల్లేకపోయింది.

అప్పుడు కరెంటు వచ్చింది.

"చూడండి సార్, మీరే చూడండి ఇతని పనితనం!" అని అత్తగారు కార్యదర్శిని హాల్లోకి లాక్కుపోయి ఫ్యాను స్విచ్ వేసింది. ఫ్యాను కదలలేదు. వంటింట్లో లైటు వెలిగింది. ఆవిడ స్విచ్ ఆపింది, లైటు ఆరింది. మళ్ళీ వేసింది, మళ్ళీ వెలిగింది. "ఇదేమిటి బాబూ?" అంది, మొదటిసారి గొంతు తగ్గించి.

ఈలోగా ఎవరిళ్ళకు వాళ్ళు పరుగెత్తి స్విచ్చులు వేసుకున్నారు. కింది నుంచి దర్జీ కేక వినిపించింది. ఆయన ఫ్యాను తిరుగుతోంది, కానీ రోలులో రాళ్ళు వేసినట్టు చప్పుడు చేస్తోంది, రెక్కలతో పాటు మిగతా ఫ్యానూ ఊగుతోంది. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఒక రెక్కను బాల్కనీలోకి విసిరింది, అదృష్టం బాగుండి అక్కడ పిల్లి కూడా లేదు. ఆఖరికి పై అంతస్తు నుంచి టీచరమ్మ ఒక్కో మెట్టూ దద్దరిల్లేలా దిగొచ్చింది.

"నా ఫ్యాను వెనక్కి తిరుగుతోంది! గాలంతా పైకే పోతోంది, కింద కూర్చున్నవాళ్ళకి చెమటలు!"

అంతలో ఎక్కడో 'టప్'మని చప్పుడైంది. బిల్డింగు మొత్తానికి ఫ్యూజు పోయింది.

కార్యదర్శి పొడుగాయన వైపు తిరిగాడు. "నువ్వు ఫ్యాను విప్పడం ఎన్నోసారి?"

"ఇవాళే మొదలండి." పొడుగాయన జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు మరమేకులు తీసి బల్ల మీద పోశాడు. "ఇవి మిగిలాయండి. ఎవరివో గుర్తుంటే తీసుకోమనండి."

"వీడు మెకానిక్ ఏమిటండీ!" అన్నాడు అప్పుడే పైకొచ్చిన దర్జీ. "మెకానిక్ అన్న మాటకే అవమానం!"

"ఇతను మెకానికైతే నేను విమానం నడుపుతా" అంది టీచరమ్మ. తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఇతన్నా నువ్వు మెకానిక్ అని ఫిర్యాదు చేసొచ్చావు? కళ్ళు పెట్టుకుని చూశావా?"

"అక్కా, నువ్వే కదే మంచి మెకానిక్ అన్నావు!"

"నేనేమన్నా నీ బుద్ధెక్కడికి పోయింది?"

"లేదు సార్, కరెంటుదే ఏదో తేడా" అని గద్ద కార్యదర్శిని పట్టుకున్నాడు. "ఇతను చాలా మంచి మెకానిక్, నా మాట నమ్మండి!" ఆ గదిలో ఆ మాట నమ్మేవాడు అప్పటికి అతనొక్కడే మిగిలాడు.

కార్యదర్శి బల్ల మీది మరమేకులను పక్కకు జరిపి సంతకాల పుస్తకం తెరిచాడు. "ఇంతమంది బాధితులు సాక్ష్యం చెప్పాక నాకు అనుమానమేం లేదు. ఈ మనిషికి ఆట తప్ప ఇంకో బతుకుతెరువు ఉండే అవకాశమే లేదు. ఇక్కడే సంతకం పెట్టించండి, టైమవుతోంది."

పొడుగాయన వంగి, చిన్నపిల్లాడిలా నాలుక పంటి కింద పెట్టుకుని, జాగ్రత్తగా సంతకం పెట్టాడు. మేనేజరు క్లబ్బు ముద్ర వేశాడు. హడావుడిలో అది కొంచెం వంకరగా పడింది. అయినా ఆయన జీవితంలో అంత అందమైన ముద్ర చూడలేదు. సిమెంటు కొట్టు ఇక లేదని తెలిసిన పొడుగాయన గోడకానుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారికి సంగతంతా అప్పటికి అర్థమైంది. అల్లుడి వైపు కోపంగా చూసి, పొడుగాయన వైపు జాలిగా చూసి, వంటింటి మసకచీకట్లోనే కంచం పెట్టింది.

"నువ్వు మెకానిక్ కాకపోతేనేం, తినడం మానకు" అంది.

ఆ రాత్రి పడుకునే ముందు మేనేజరుకు ఎంతో కాలానికి నిశ్చింతగా అనిపించింది. జట్టు నిండింది, రింగు కింద నిలబడడానికి మనిషి ఉన్నాడు, ఆ మనిషి ఎక్కడికీ వెళ్ళనన్నాడు. ఈ ఏడు గెలుస్తామో లేదో గానీ ఆడతాం, అది చాలనుకున్నాడు. ఊపిరాడక కిటికీలన్నీ తెరిచి పడుకున్నాడు.

తెల్లారగానే బిల్డింగువాళ్ళంతా గుమ్మంలో నిలబడి, ఫ్యాన్లు బాగు చేయించమని గడువు పెట్టేసరికి, ఆయన మళ్ళీ మనిషి కోసం వేట మొదలుపెట్టాడు, ఈసారి నిజంగానే మెకానిక్ కోసం.